బల్ల మీద రెండు వేళ్లు

తెల్లవారకముందే లేచి, మొహం కడుక్కుని, బైబిలు తెరిచి ఒక కీర్తన చదువుకుని, మోకాళ్ల మీద నుంచి లేచాక సొలొమోను చేసే మొదటి పని లక్ష్మవ్వ చాయ్‌ని తిట్టడం.

నారాయణఖేడ్ బస్ డిపో ఎదురుగా రేకుల కప్పు కింద లక్ష్మవ్వ హోటలు ఉండేది. హోటలంటే రెండు బల్లలు, ఒక పొయ్యి, ఒక నీళ్ల డ్రమ్ము, అంతే. రోడ్డు వైపు బల్ల సొలొమోనుది. వచ్చి కూర్చునేవాడు. నోరు తెరిచేవాడు కాదు. కుడిచేతి వేళ్లు రెండు మడిచి బల్ల మీద టక్కు టక్కుమని కొట్టేవాడు. ఆ చప్పుడు వినగానే లక్ష్మవ్వ గ్లాసు తెచ్చి ముందు పెట్టాలి. ఒక గుటక తాగాక అప్పుడు నోరు తెరిచేవాడు.

“గిది చాయా లక్ష్మవ్వా, గిన్నెలు కడిగిన నీళ్లా?”

“గిన్నెలు కడిగిన నీళ్లయితే రోజు ఎందుకొస్తవ్ సొలొమన్నా? ఇంట్ల వదినె గిన్నెలు కడుగుతలేదా?”

ఇరవై ఏళ్లుగా ఇదే మాట, ఇదే జవాబు. ఆయనకు షుగరు వచ్చిందని ఎవరి నోటో విన్న నాటి నుంచి లక్ష్మవ్వ ఆయన చాయ్ వేరే గిన్నెలో, చక్కెర తక్కువ వేసి కాస్తుండేది. ఈ సంగతి ఆమె చెప్పలేదు, ఆయన కనిపెట్టలేదు. చాయ్ చప్పబడిందన్నది మాత్రం మొదటి రోజే కనిపెట్టాడు.

సొలొమోను పని కాలిపోయిన బోరు మోటర్లకు కొత్తగా రాగి తీగ చుట్టడం. కల్హేర్ దగ్గరి పల్లెలో పుట్టి, మిషన్ హాస్టల్లో ఉండి ఏడో తరగతి దాకా చదివి, బీదర్‌లో ఒక మేస్త్రీ దగ్గర పని నేర్చుకుని వచ్చాడు. పనిలో ఎవరూ వేలెత్తి చూపలేరు. ఆయన చుట్టిన మోటరు ఏడెనిమిదేళ్లు తిరిగేది. అయితే మోటరు తెచ్చిన రైతు ముందు తిట్లు తినాలి. “వోల్టేజీ లేనప్పుడు మోటరు ఎవడు వెయ్యమన్నడు నిన్ను? నీ మోటరు కాదు కాలింది, నీ బుర్ర కాలింది.” ఆ రైతు పొలం ఎండుతోందని తెలిసి, అన్నం మానేసి పొద్దుగూకే లోపల పని ముగించి ఇచ్చేవాడు కూడా ఈయనే. కానీ మనిషికి తిట్టు గుర్తుంటుంది, మానేసిన అన్నం ఎవరికి కనపడుతుంది?

ఆయన నోటికి చిక్కనిది లేదు. పాస్టరు గారి ప్రసంగం పొడుగు. బీదర్ ఎండ పొడి ఎండ. జహీరాబాద్ చెరుకు నీళ్ల చెరుకు. పెళ్లికి పిలిస్తే వెళ్లి, అన్నం పలుకయిందని చెప్పి వచ్చేవాడు. దానితో ఏమైందంటే, ఆయన బల్ల మీద కూర్చునేవాళ్లు ఒక్కొక్కరే జరిగి పొయ్యి వైపు బల్లకు పోయారు. ఆ బల్ల మీద అయిదుగురు ఇరుక్కుని కూర్చునేవారు. ఈ బల్ల మీద సొలొమోను ఒక్కడు, పక్కన ఆయన తువ్వాల. ఇంటికి వచ్చి భార్య కోమలతో “ఇయ్యాల ఎవ్వరు కలువలేదు” అనేవాడు. అంతకు మించి చెప్పేవాడు కాదు. కోమలకు అర్థమయ్యేది.

రాగి తీగ అమ్మే హైదరాబాద్ కంపెనీ ఒకటి 2009 మొదట్లో ప్రతి డబ్బాలో ఒక కూపను పెట్టింది. పేరు రాసి పంపితే లక్కీ డ్రా. సొలొమోను ఆ కూపన్లను మడిచి, ఊగే స్టూలు కాలి కింద పెట్టాడు. “తీగెల రాగి తక్కువేసి కాయితం ఎక్కువేస్తుండ్రు” అన్నాడు. కోమల స్టూలు కింద నుంచి వాటిని తీసి, దుమ్ము దులిపి, మొగుడి పేరు రాసి పోస్టు చేసింది. రెండు నెలలకు కంపెనీ మనిషి జీపులో వచ్చాడు. మొదటి బహుమతి. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో యంత్రాల ప్రదర్శన చూసి రావడం, అయిదు రోజులు, ఒక్క మనిషికి.

మర్నాడు పొద్దున సొలొమోను బల్ల మీద తువ్వాల పెట్టుకునే చోటు లేకపోయింది. నాగల్‌గిద్ద నుంచి కందులు కొనడానికి వచ్చే చంద్రప్ప అందరికంటే ముందు వచ్చి కూర్చున్నాడు. సరిహద్దు మనిషి, మాటలో కన్నడం కలుస్తుంది.

“ఏనప్పా సొలొమన్, చైనాకు పోతున్నవంట! తిట్టనీకి ఆడ నీకు లక్ష్మవ్వ యాడ దొరుకుతది?”

“దేశం దేశమే ఉన్నది గదా” అన్నాడు సొలొమోను.

అందరూ నవ్వారు. తన మాటకు పక్కన కూర్చున్నవాళ్లు నవ్వి ఎన్నాళ్లయిందో ఆయనకే గుర్తు లేదు. ఆ పొద్దున చాయ్‌ని తిట్టడం మరిచిపోయాడు. అప్పుడే మనసులో ఒక లెక్క కట్టుకున్నాడు. పోయి రావాలి. చూసింది చెప్పాలి. చెబితే ఈ బల్ల ఇట్లాగే నిండి ఉంటుంది.

కోమల ఇరవై కడక్ రొట్టెలు చేసింది. జొన్న రొట్టెను పలుచగా తట్టి, అప్పడంలా పెళుసెక్కేదాకా కాల్చి ఎండబెడితే నెల రోజులు చెడదు. పల్లికారం పొట్లం కట్టింది. రొట్టెలు, కారం, బైబిలు, పాస్‌పోర్టు అన్నీ ఒకే గుడ్డసంచిలో పెట్టి, “గీ సంచి యాడ మరువకు” అంది. “నేనేమన్న పిచ్చోన్నా?” అని సంచి భుజానికి వేసుకున్నాడు.

మొదటి రోజు కంపెనీ ఏర్పాటు చేసిన చైనా పిల్ల ఆయనను ప్రదర్శనకు తీసుకుపోయింది. ఆమెకు వచ్చింది ఇంగ్లీషు, ఈయనకు వచ్చింది బీదర్ ఉర్దూ. చేతులతో మాట్లాడుకున్నారు. నారాయణఖేడ్ అంగడి పది కలిపినంత మేర మోటర్లే. ఒకచోట ఒక యంత్రం తీగ చుడుతోంది. సొలొమోను నిలబడి చూశాడు. తాను పొద్దంతా కూర్చుని చుట్టే కాయిల్‌ను అది మనిషి ఒకసారి తుమ్మి ముక్కు తుడుచుకునేలోపు చుట్టి పక్కన పడేసింది. ఒకటి కాదు, ఒకదాని వెనక ఒకటి.

“ఏడాదిల కాలుతది” అన్నాడు తెలుగులో, ఎవరితోనో. చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. ఆ పిల్ల కుర్చీ తెచ్చి వేసింది. కూర్చోలేదు.

రెండో రోజు నుంచి ఆయన ఒంటరి. బస చేసిన హోటల్లో కౌంటరు దగ్గరి నడివయసు ఆడమనిషి హోటలు పేరు, దారి రాసి ఉన్న అట్టముక్క ఒకటి తెచ్చి ఆయన చొక్కా జేబులో పెట్టి, జేబు మీద తట్టింది. తప్పిపోతే ఇది చూపించు అని. ‘బడికి పోయే పోరన్నా నేను?’ అనుకున్నాడు. ఆ అట్టముక్కే ఆ మూడు రోజుల్లో ఆయనను రెండుసార్లు బసకు చేర్చింది. ఒకసారి పోలీసు, ఒకసారి పండ్లమ్మే ముసలామె దాన్ని చదివి చేయిపట్టి బస్సెక్కించారు.

ఊరు చూశాడు. ఊరు ఆయనకు నచ్చలేదు. నది ఒడ్డున ఆకాశమంత గోపురం ఇంకా కడుతున్నారు. మధ్యలో నడుము సన్నం, కిందా పైనా లావు. తడి తువ్వాలను పిండి నిలబెట్టినట్టుందనిపించింది. నదికి ముత్యాల నది అని పేరట. ముత్యం కాదు కదా, గులకరాయి కూడా కనపడలేదు, పడవలు తప్ప. ‘ఎండాకాలంల ఇసుక తేలినా మంజీర మంజీరే’ అనుకున్నాడు. పాత బజారులో ఎండబెట్టిన జెర్రులు, తేళ్లు, సముద్రపు పురుగులు గోనెసంచుల్లో పోసి మన దగ్గర మిరపకాయలు అమ్మినట్టు అమ్ముతున్నారు. మందులకట. మన దవాఖానలో సూది ఎంత సుఖమో అప్పుడు తెలిసింది. పార్కులో ముసలివాళ్లు వరసకట్టి నిలబడి గాలిని మెల్లగా అటు తోసి ఇటు తోస్తున్నారు. ‘మా ఊర్ల గీ వయసుకు కందిచేన్ల కలుపు తీస్తరు, గాలిని తొయ్యరు.’

రాతితో కట్టిన పెద్ద చర్చి ఒకటి కనపడింది. రెండు కొమ్ములు ఆకాశంలోకి పోయినట్టున్నాయి. మెదక్ చర్చి ముందు ఇదెంత అనుకుంటూనే లోపలికి పోయాడు. మోకరించబోతే పక్కనున్న ముసలామె తన మోకాళ్ల కింది మెత్తను ఇటు జరిపింది. అక్కడ గంటసేపు కూర్చున్నాడు. ఆ గంటలో ఆయన దేన్నీ తిట్టలేదు. ఊరికి తిరిగి వచ్చాక ఈ గంట సంగతి చెప్పనూ లేదు.

ఇక తిండి. ఒక హోటల్లో గాజుతొట్టిలో చేపలు ఈదుతున్నాయి. వేలు పెట్టి చూపిస్తే దాన్నే వండి తెస్తారట. చేపతో ముఖాముఖి అయ్యాక ఎట్లా తింటారో ఆయనకు తెలియలేదు, లేచి వచ్చేశాడు. ఇంకోచోట సేమ్యాల చారు పెట్టి, రెండు పుల్లలు చేతికిచ్చారు. “తినమన్నరా, బుట్ట అల్లమన్నరా?” అని అడిగాడు. అడిగిన మాట ఎవరికీ తెలియకపోయినా ఒకామె చెంచా తెచ్చి ఇచ్చింది. చల్లని నీళ్లకు సైగ చేస్తే పొగలు కక్కే నీళ్లు పెట్టారు. గడ్డం గీసుకోవడానికేమో అనుకున్నాడు. మూడు పూటలూ గదిలో కూర్చుని కడక్ రొట్టె విరుచుకుని పల్లికారం అద్దుకుని తిన్నాడు. పక్క గదివాళ్లు ఆ చప్పుడుకు ఏమనుకున్నారో దేవుడికే తెలియాలి.

నాలుగో రోజు పొద్దున కీర్తన చదువుకున్నాక చాయ్ మీదికి మనసుపోయింది. నాలుగు రోజులు చాయ్ లేని మనిషి. బసకు నాలుగడుగుల దూరంలో మూడో అంతస్తులో పెద్ద చాయ్ హోటలు ఉందని కౌంటరు ఆమె చేత్తో కప్పు తాగినట్టు చూపి చెప్పింది. సంచి భుజాన వేసుకుని పోయాడు.

పైకి ఎక్కి చూస్తే అంగడి. వందలమంది, అందులో ముప్పాతిక వంతు ముసలివాళ్లు. పేపర్లు చదివేవాళ్లు, పిట్టపంజరం పక్కన పెట్టుకున్నవాళ్లు, గట్టిగా పోట్లాడుకుంటున్నట్టు మాట్లాడుకునేవాళ్లు. వెదురు బుట్టల నుంచి ఆవిర్లు. ఖాళీ బల్ల ఒక్కటి లేదు. పనిచేసే పిల్ల ఆయన మోచేయి పట్టుకుని కిటికీ పక్కనున్న గుండ్రటి బల్ల దగ్గరికి తీసుకుపోయి కూర్చోబెట్టింది. అక్కడ అప్పటికే ఒక ముసలాయన ఉన్నాడు. ఎనభై దాటి ఉంటాడు. ఎడమ చెవి కింద పెద్ద పుట్టుమచ్చ, దాని మీద నాలుగు తెల్ల వెంట్రుకలు. ఈయనను చూసి, ముందే అనుకున్న చుట్టం వచ్చినట్టు తలూపి తన పేపరు మడిచి చోటిచ్చాడు.

సొలొమోను ముందు గిన్నె, కప్పు, పుల్లలు పెట్టారు. ముసలాయన కెటిల్ ఎత్తి వేడి చాయ్ ఆ గిన్నెలో పోసి, కప్పును అందులో తిప్పి కడిగి, ఆ నీళ్లు పక్కనున్న బేసిన్‌లో ఒంపి, మళ్లీ ఆయన ముందు పెట్టాడు. సొలొమోను కనుబొమలు ముడిపడ్డాయి. ‘నేనేమన్న మురికోన్నా?’ తరువాత చూస్తే ముసలాయన తన గిన్నె కూడా అట్లాగే కడుక్కున్నాడు. చుట్టుపక్కల అందరూ అదే చేస్తున్నారు. ‘చాయ్‌తోని గిన్నెలు కడుగుతుండ్రు! లక్ష్మవ్వను ఊకెనే తిడితిని’ అనుకున్నాడు.

బుట్టలు వచ్చాయి. తెల్లగా, మెత్తగా, ఇడ్లీకి దూరపు చుట్టంలా ఉన్నదేదో ముసలాయన తన బుట్టలోంచి తీసి ఈయన గిన్నెలో పెట్టాడు. ఎంగిలి పుల్లలతో తీశాడేమోనని సొలొమోను కళ్లు పెద్దవి చేశాడు. లేదు, తిరగేసి శుభ్రంగా ఉన్న కొసలతో తీశాడు. సరే అని కళ్లు మూసుకుని ప్రార్థన చేశాడు. సొలొమోను భోజన ప్రార్థన పొట్టిది కాదు. పిల్లలను, పంటలను, అధికారులను, ప్రయాణంలో ఉన్నవారిని అందరినీ తలుచుకుని ఆమెన్ అనేసరికి ఆవిరి ఆరిపోతుంది. కళ్లు తెరిచి చూస్తే ముసలాయన పుల్లలు కింద పెట్టి, చేతులు ఒడిలో పెట్టుకుని, ఆయన కోసం ఆగి ఉన్నాడు. తన గిన్నెలోది కూడా చల్లారిపోయింది.

చాయ్ తాగాడు. పాలు లేవు, చక్కెర లేదు. ‘ఎండుగడ్డి ఉడకబెట్టిండ్రు.’ ముసలాయన కప్పు నింపుతూనే ఉన్నాడు. ఖాళీ అయితే నింపుతాడు, సగమైతే నింపుతాడు. సంచిలోంచి సొలొమోను కడక్ రొట్టె తీసి, విరిచి, పల్లికారం అద్ది ఇచ్చాడు. ముసలాయన కొరికాడు. ఆ పెళపెళకు పక్క బల్ల పిట్ట అరిచింది. కారం తగిలి కళ్ల నీళ్లు వచ్చాయి, ముక్కు కారింది, అయినా నవ్వాడు. ఇంకో ముక్క ఇమ్మని చేయి చాపాడు. సొలొమోను కూడా నవ్వాడు. ఎదురుగా మనిషిని పెట్టుకుని తినడం బాగుంది.

ఇన్నిసార్లు ఆయన పోశాడు, ఒక్కసారన్నా నేను పోయకపోతే మర్యాద కాదని సొలొమోను కెటిల్ అందుకుని ముసలాయన కప్పులో చాయ్ పోశాడు.

ముసలాయన నోట్లో రొట్టె ఉంది. నోరు తెరవలేదు. కుడిచేతి వేళ్లు రెండు మడిచి బల్ల మీద టక్కు టక్కుమని కొట్టాడు.

సొలొమోను నెత్తురు తలకెక్కింది. ఆ చప్పుడు ఆయనకు కొత్త కాదు. ఇరవై ఏళ్లుగా రోజూ పొద్దున లక్ష్మవ్వ హోటల్లో తాను చేసే చప్పుడే. చాయ్ పోసేవాళ్లను పిలిచే చప్పుడు. జల్దీ పోయి పని చూసుకో అనే చప్పుడు.

“ఏంది? నేను నీ హోటల్ల పనోన్ననుకున్నవా? రొట్టె పెడితే నెత్తికెక్కుతవా?”

కెటిల్‌ను బల్ల మీద దడేల్‌మని పెట్టి లేచాడు. ముసలాయన మొహంలో నవ్వు సగంలో ఆగిపోయింది. రెండు వేళ్లు అట్లాగే బల్ల మీద ఉన్నాయి. సొలొమోను వెనక్కి చూడకుండా మెట్లు దిగాడు.

రోడ్డు దాటబోతుంటే వెనక ఎవరో అరుస్తున్నారు. తిరిగి చూస్తే ముసలాయన. మూడు అంతస్తులు దిగి వచ్చాడు, గోడ పట్టుకుని రొప్పుతున్నాడు, చేతిలో గుడ్డసంచి. రొట్టెలు, బైబిలు, పాస్‌పోర్టు. అది లేకపోతే దేశం కాని దేశంలో సొలొమోను గతి ఏమయ్యేదో. సొలొమోను సంచి గుంజుకున్నాడు. ఆయన ఎదుటే తెరిచి, లోపల చేయిపెట్టి, పాస్‌పోర్టు ఉందా లేదా అని వెతికాడు. ఉంది. సంచి భుజాన వేసుకుని నడిచిపోయాడు. ఆ హోటలు పేరున్న పుల్లల కాగితపు తొడుగు ఒకటి ఎట్లా పడిందో సంచిలో పడింది. దాన్ని బైబిలులో గుర్తు కోసం పెట్టుకున్నాడు.

నారాయణఖేడ్‌లో ఆ కథ నాలుగేళ్లు నడిచింది. తడి తువ్వాల గోపురం, ముత్యాలు లేని నది, బుట్ట అల్లే పుల్లలు, చేపతో ముఖాముఖి, అన్నీ వరసగా వచ్చేవి. చివరికి ముసలాయన వచ్చేవాడు. సొలొమోను బల్ల మీద టక్కు టక్కుమని కొట్టి చూపేవాడు.

“నా చేతి రొట్టె తినుకుంట, నా చేతి చాయ్ తాగుకుంట, నన్నే గిట్ల పిలుస్తుండు! ఎంత పొగరున్నది వాళ్లకు! నేను ఊకుంటనా? కెటిల్ గట్ల కొట్టిన, ముసలోడు బిత్తరపోయిండు.”

బల్ల మీద నవ్వులే నవ్వులు. కథ ఇక్కడ ముగిసేది. సంచి సంగతి ఎన్నడూ రాలేదు. పైఊళ్ల నుంచి వచ్చినవాళ్లు కూడా బస్సు దిగి “చైనా సొలొమోను ఎవరు?” అని అడిగి బల్ల మీద కూర్చునేవారు. రుజువు కావాలన్నవాళ్లకు బైబిలులోని కాగితపు తొడుగు చూపేవాడు. ఆ నాలుగేళ్లలో ఒక్క పొద్దున కూడా ఆయన పక్కన తువ్వాల పెట్టుకునే ఖాళీ లేదు. ఆ ఒక్క చప్పుడు ఆయన బల్లను నిలబెడుతోంది.

2013 ఎండాకాలంలో బడిపంతులు జేమ్స్ కూతురు లిల్లీ, కాలిపోయిన టేబుల్ ఫ్యాన్ పట్టుకుని సొలొమోను షాపుకు వచ్చింది. డాక్టరు చదువుకు గ్వాంగ్‌జౌ పోయి రెండేళ్లయింది. సెలవులకు వచ్చింది. ఆ ఊరి పేరు వినగానే సొలొమోను ఫ్యాను పక్కన పెట్టి, స్టూలు జరిపి, కథ మొదలుపెట్టాడు. లిల్లీ నవ్వింది. గోపురానికి నవ్వింది, చేపకు కడుపు పట్టుకుని నవ్వింది. ముసలాయన టక్కు టక్కుమన్న చోట నవ్వలేదు.

“ఏం బిడ్డా, నవ్వవేంది?”

“పెద్దనాయినా… గది పిలుచుడు గాదు.”

“మరేంది?”

“ఎవరన్న చాయ్ పోస్తే ఆ ఊర్ల అందరు గట్లనే చేస్తరు. నోట్ల తిండి ఉంటది, ముచ్చట నడుస్తుంటది, ఆపి చెప్పరాదు గదా. అందుకని రెండు వేళ్లు మడిచి బల్ల మీద కొడ్తరు. నీ మేలు మరువ అన్నట్టు.” తన రెండు వేళ్లు మడిచి చూపింది. “పాతకాలం నుంచి వచ్చిందంటరు. మడిచిన వేళ్లు మోకాళ్లంట. మోకరించి దండం పెట్టినట్టంట.”

సొలొమోను తన కుడిచేతిని చూసుకున్నాడు. వేళ్లు రెండు మడిచాడు, చాచాడు. రాగి తీగ కోసి కోసి కాయలు కాసిన వేళ్లు.

“నీకు పక్కాగ తెలుసునా?”

“నేను రోజు చేస్తున్న పెద్దనాయినా.”

“మీ బాపుకు చెప్పినవా?”

“లేదు. ఎవ్వరికి చెప్ప” అంది లిల్లీ. మంచి పిల్ల. ఆయనకు కావలసింది ఏమిటో అడగకముందే తెలుసుకుంది.

ఆ సాయంత్రం కోమల అన్నం పెడితే ప్రార్థనకు కళ్లు మూసుకున్నాడు. ఎంతకీ ఆమెన్ రాలేదు. కోమల ఒక కన్ను తెరిచి చూస్తే ఆయన పెదవులు కదలడం లేదు. మూడు అంతస్తుల మెట్లు ఎనభై ఏళ్ల కాళ్లు ఎట్లా దిగాయో అని చూస్తున్నాడు ఆయన. చెప్పకపోతే పోయేదేమీ లేదు. లిల్లీ చెప్పదు. చెబితే బల్ల పోతుంది, మళ్లీ తువ్వాల ఒక్కటే పక్కన మిగులుతుంది.

మర్నాడు పొద్దున బల్ల నిండుగా ఉంది. డిపోకు కొత్తగా వచ్చిన కండక్టరు నర్సింగ్‌కు చంద్రప్ప సగం కథ అప్పటికే చెప్పేశాడు.

“మిగిలింది నువ్వు చెప్పాలె సొలొమన్. ఆ ముసలోడు ఎట్ల కొట్టిండో చూపియ్యి.”

సొలొమోను చేయి ఎత్తాడు. వేళ్లు మడిచాడు. బల్ల మీదికి చేయి రాలేదు.

“ఆయన నన్ను పిలువలేదు నర్సింగ్” అన్నాడు. “నాకు దండం పెట్టిండు. గది వాళ్ల పద్ధతంట. నాకు తెల్వక లేచొచ్చిన. ఇంగో సంగతి. సంచి ఆడనే మరిచిన. పాస్‌పోర్టు దాంట్లనే ఉండె. ఆ ముసలాయన మూడంతస్తులు దిగొచ్చి ఇచ్చిండు. నేను ఆయన ముంగటనే వెతికిన, దొంగను వెతికినట్టు.”

డిపోలో బస్సు ఒకటి స్టార్టయి ఆగిపోయింది.

“అంటే నాలుగేండ్ల సంది మాకు అబద్ధం చెప్తున్నవన్నట్టు” అన్నాడు చంద్రప్ప.

“కొట్టింది తెల్వక చెప్పిన. సంచి ముచ్చట తెలిసే దాచిన.”

“ఊరందరి తప్పులు పట్టెటోనివి! చూస్తివా నర్సింగ్, మా చైనా సొలొమన్ ఎంత పెద్ద మొనగాడో!” చంద్రప్ప లేచి గ్లాసు పట్టుకుని పొయ్యి వైపు బల్లకు పోయాడు. ఇంకో ఇద్దరు లేచారు. నర్సింగ్ డ్యూటీ టైమయిందని వెళ్లాడు. బల్ల ఖాళీ అయింది. సొలొమోను తువ్వాల తీసి పక్కన పెట్టుకున్నాడు.

లక్ష్మవ్వ పొయ్యి దగ్గర నుంచే అంతా విన్నది. గ్లాసు తెచ్చి ఆయన ముందు పెట్టింది, ఆయన కొట్టకుండానే.

“అయితే సొలొమన్నా, ఇన్నేండ్ల సంది రోజు పొద్దుగాల నాకు దండం పెడుతున్నవన్నట్టు. ముందుగాల చెప్పొద్దా? నేను కాలు మీద కాలేసుకొని కూసుంటుంటి.”

ఆమె మాటకు ఎన్నడూ నవ్వనివాడు చాయ్ పొరపోయేలా నవ్వాడు. ఆ పొద్దున చాయ్‌ని ఏమీ అనలేదు. తాగి, అడుగున చక్కెర లేని గ్లాసు వైపు కాసేపు చూశాడు. పక్క గిన్నెలో వేరుగా కాగుతున్న చాయ్ వైపు చూశాడు. మళ్లీ గ్లాసు చూశాడు.

వారం గడిచింది. చంద్రప్ప ఆ బల్లకు తిరిగి రాలేదు. పొయ్యి వైపు బల్ల మీద కొత్త కథ ఒకటి పుట్టింది, దాని పేరు సంచి కథ. సొలొమోనుకు వినబడేలా చెప్పుకునేవారు. ఆయన చాయ్ తాగి, మోటర్ల దగ్గరికి పోయేవాడు. లిల్లీ ఫ్యాను తిట్టకుండా బాగుచేసి ఇచ్చాడు. జేమ్స్ అది నమ్మక రెండుసార్లు అడిగాడు.

లిల్లీ తిరిగి పోయే రోజు డిపోలో హైదరాబాద్ బస్సు దగ్గర సొలొమోను నిలబడి ఉన్నాడు, చేతిలో పాత గుడ్డసంచి. అందులో కోమల చేసిన పది కడక్ రొట్టెలు, పల్లికారం పొట్లం. బైబిలులోని కాగితపు తొడుగు తీసి కిటికీలోంచి పిల్ల చేతిలో పెట్టాడు.

“దీని మీద ఆ హోటల్ పేరున్నది బిడ్డా. మూడో అంతస్తు. కిటికీ పక్కన గుండ్రటి బల్ల. ఎడమ చెవి కింద మచ్చ ఉంటది ఆయనకు. ఉన్నడో లేడో దేవునికే ఎరుక. ఉంటే గీ రొట్టెలియ్యి. కారం తక్కువనే ఏసినం అని చెప్పు.”

“నీ పేరు చెప్పన్నా పెద్దనాయినా?”

“నా పేరు ఆయనకేం తెల్సు? వద్దు. నువ్వు ఆయన ముంగట కూసో, నీ చేతితోని ఒక కప్పు చాయ్ పొయ్యి. గా ఒక్క పని చేసిపెట్టు నాకు.” డ్రైవరు హారను కొట్టాడు. సొలొమోను కిటికీ ఊచ వదలలేదు. “ఆయన బల్ల మీద కొడ్తే లెవ్వకు బిడ్డా. ఆయన తాగేదాక కూసో.”